కున్మింగ్ నుంచి వచ్చిన చైనా టీ చల్లారితే బురదనీళ్ళలా అవుతోంది, కల్తీయేనా?

మావయ్య_మల్కాజిగిరి
మా మేనకోడలు కున్మింగ్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది, సెలవలకి వస్తూ నాకోసం ఒక టీ డబ్బా తెచ్చింది. 100 గ్రాములు. పేరు దియన్‌హోంగ్ అంట. పొడి కాదు, ఆకు, నల్లగా మెలితిప్పినట్టు ఉంది, మధ్యమధ్యలో బంగారు రంగు పోగులు. డబ్బా తీస్తే వాసన మాత్రం అదిరింది. మొదటిరోజు ఎప్పట్లాగే నీళ్ళు పాలు సగం సగం పోసి రెండు చెంచాలేసి అల్లం దంచి మరగబెట్టా. బెల్లం వేయడం మర్చిపోయిన పాయసంలా ఉంది, టీ జాడే లేదు. సరే అని మర్నాడు పాలు లేకుండా ఆరు చెంచాలేసి డికాషన్ తీశా, నాలిక బిగుసుకుపోయింది, అంత వగరు. ఒక్క గుక్క తాగి పక్కన పెట్టి ఫోన్లో పడిపోయా. గంట తర్వాత చూస్తే అద్దంలా ఎర్రగా ఉన్న డికాషన్ కాస్తా వానాకాలం మూసీలా అయి కూర్చుంది, పైన సన్నటి తెట్టె కూడా. మట్టి కలిపారా రంగు కలిపారా? పిల్లకి చెప్తే బాధపడుతుంది, "మావయ్యా ఎలా ఉంది" అని రోజూ అడుగుతోంది. ఎవరికన్నా తెలిస్తే చెప్పండి.

అల్లంచాయ్
చైనా మాల్ కదన్నా, గ్యారంటీ లేదు. ఛార్జర్ అయితే పేలుతది, చాయ్ అయితే బురదైతది.

చారుప్రియ
"బెల్లం మర్చిపోయిన పాయసం" హహహ. పాపం మేనకోడలు.

కున్మింగ్_రిటర్న్
ఆరు చెంచాలా!! ఎన్ని నీళ్ళకి, ఎంతసేపు? నేనూ కున్మింగ్‌లోనే చదివా, ఫైనలియర్ అంతా ఆ టీ తాగే గట్టెక్కా. మీరు చెప్పేదాన్ని బట్టి కల్తీలా అనిపించట్లేదు నాకు.

మావయ్య_మల్కాజిగిరి
రెండు గ్లాసుల నీళ్ళు. మరిగే నీళ్ళలో వేసి సగమయ్యేదాకా పొయ్యి మీదే ఉంచా. ఇరానీ హోటల్‌వాడు గంటలు గంటలు ఉడికిస్తాడు కదా.

అల్లంచాయ్
ఉడికిచ్చుడు కాదన్నా, దమ్ము పెడ్తరు. గా డస్ట్ వేరే, మీ ఆకు వేరే. గింతవరకు నాగ్గూడ తెలుసు.

గోదారిగట్టు
నీళ్ళు చూసుకోండి ముందు. మీది బోరు నీళ్ళా మంజీరా నీళ్ళా? ఉప్పునీళ్ళతో ఏ టీ పెట్టినా తెట్టె కడుతుందండి. మా అత్తగారింట్లో కప్పులన్నీ అంచుల దాకా గోధుమరంగు చారలే, ఎంత తోమినా పోవు.

మావయ్య_మల్కాజిగిరి
ఆరోజు బోరువే. కానీ తెట్టె పైనే కదా, నాకు లోపలంతా మసకేసింది.

ఫ్రీమాంట్_బాబాయ్
కల్తీ కాదు నాయనా, నువ్వు దాన్ని కషాయం చేశావు. మనిళ్ళల్లో వాడే పొడి సీటీసీ, అంటే ఆకుని పళ్ళ రోలర్ల మధ్య నలిపి చింపి గుళికల్లా చుడతారు, 1930ల్లో అస్సాంలో పుట్టిన పద్ధతి. నలిగి చితికిన సరుకు కాబట్టి నిమిషంలో రంగూ వగరూ మొత్తం కక్కేస్తుంది, పాలలో ఉండే ప్రోటీన్ ఆ వగరుని పట్టుకుంటుంది, అందుకే పాలెక్కువైనా మన టీ నిలబడుతుంది. దియన్‌హోంగ్ అలా కాదు. కోసిన ఆకుని వాడనిస్తారు, నలిపి మెలిపెడతారు, గాలి తగిలి ఎర్రబడేదాకా వదిలేస్తారు, తర్వాత ఆరబెడతారు. ఆకు చితికిపోదు, ఆకులాగే ఉంటుంది, తనలో ఉన్నది కొంచెం కొంచెంగా వదులుతుంది. నువ్వు రెండు చెంచాలకి సగం పాలు పోస్తే మునిగిపోయింది, ఆరు చెంచాలు వేసి సగానికి ఇగరబెడితే చివర్న రావాల్సిన వగరు ముందే వచ్చి కూర్చుంది. స్ట్రాంగ్‌గా కావాలంటే ఆకు ఎక్కువ వెయ్యి, టైం తగ్గించు. మనవాళ్ళు దీన్నే తిరగేస్తారు.

చారుప్రియ
బాబాయ్ గారు వచ్చారు, ఇక ఈ థ్రెడ్ పది పేజీలు.

నీలగిరి_98
కూనూరులో టీ ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్ళు చేశాను, మసక సంగతి నేను చెప్తా. అది బురద కాదు సార్, దాన్ని మా దగ్గర క్రీమింగ్ డౌన్ అంటారు. ఆకు ఎర్రబడేటప్పుడు థియాఫ్లావిన్లు, థియారూబిజిన్లు అని తయారవుతాయి, టీకి ఆ రంగూ ఆ చురుకూ వాటివల్లే. వేడిగా ఉన్నంతసేపు అవీ కెఫీనూ నీళ్ళలో కరిగే ఉంటాయి, చల్లారేకొద్దీ ఒకదాన్నొకటి పట్టుకుని సన్నటి నలకల్లా విడిపడతాయి. నీళ్ళటీ అయితే మసకెయ్యదు. చిక్కగా దిగిన మంచి టీ అయితేనే వేస్తుంది, టేస్టర్లు కప్పు చల్లారేదాకా ఆగి మరీ చూస్తారు. చైనావాళ్ళు కూడా ఎర్ర టీలకి అది మంచి గుర్తు అనే చెప్తారు. అనుమానముంటే ఆ డికాషన్‌నే మళ్ళీ వేడి చేయండి. తేటపడితే టీ, పడకపోతే మట్టి. పైన తెట్టె మాత్రం గోదారిగట్టు గారు చెప్పిందే, నీళ్ళలో సున్నం.

సీమ_సరుకు
ఎర్ర టీ ఏంది సామీ, బ్లాక్ టీ గదా అడిగింది?

కున్మింగ్_రిటర్న్
మనం బ్లాక్ టీ అనేదాన్ని వాళ్ళు హోంగ్‌చా అంటారు, హోంగ్ అంటే ఎరుపు. ఆకు నలుపు, కప్పులో నీళ్ళు ఎరుపు, మనం ఆకు చూసి పేరు పెట్టాం వాళ్ళు కప్పు చూసి పెట్టారు. వాళ్ళ దగ్గర నల్ల టీ, హేచా అంటే అసలు వేరే జాతి, నిలవబెట్టి పులియబెట్టేది. నేను వెళ్ళిన కొత్తలో అంగట్లో నల్లగా ఉన్న టీ ఇవ్వమని అడిగి పిడకలాంటి పుఅర్ బిళ్ళ కొనుక్కొచ్చా, తడిసిన గోనెసంచి వాసన. రూమ్మేట్ వారం రోజులు మాట్లాడలేదు.

అల్లంచాయ్
పిడక చాయ్. మస్తుంది పేరు.

మావయ్య_మల్కాజిగిరి
నీలగిరి గారూ చేశా చేశా. ఇందాకే పెట్టా. ఈసారి ఫిల్టర్ నీళ్ళతో తీసి, గ్లాసులో పోసి, కావాలని ఫ్రిజ్‌లో పెట్టా. అరగంటకి మళ్ళీ మూసీ. చిన్న స్టీలు గిన్నెలో పోసి సిమ్‌లో పెట్టి ఫోన్ టార్చ్ వేసుకుని నించున్నా, మా ఆవిడ "ఏంటి ప్రయోగశాలా" అంటోంది. ముందు అంచుల దగ్గర ఎర్రగా తేటపడింది, తర్వాత ఎవరో తెర లాగినట్టు మధ్యకి వచ్చింది, ఆవిరి లేచేసరికి గిన్నె అడుగున కంపెనీ ముద్ర చదవగలిగా! పైన తెట్టె అసలు కట్టనే లేదు ఈసారి. మొన్నటి బోరు డికాషన్ కొంచెం మిగిలితే అదీ వేడి చేశా, మసక పోయింది గానీ తెట్టె పోలేదు, గరిటె తగిలిస్తే పలచటి రేకుల్లా ముక్కలయింది.

గోదారిగట్టు
హమ్మయ్య, సగం మార్కులు నాకు.

సీమ_సరుకు
మీకన్నా మేనకోడలు తెచ్చింది, నాకైతే పచ్చి మోసం జరిగిండాది. పోయినేడు ఆన్‌లైన్లో ఒకడి దగ్గర బంగారు మొగ్గల టీ అని 50 గ్రాములు తెప్పించినా, పేరు ఎందుకులే. ఫోటోలో పచ్చని బంగారం, ఇంటికొచ్చింది ఇటుకపొడి రంగు. ఉత్త చన్నీళ్ళలో వేస్తానే నారింజరసం మాదిరి రంగు దిగిపాయ. వాపసు అడిగితే "తినే సరుకు రిటర్న్ లేదు" అన్నాడు. మన దేశంలోకి టీ దిగుమతికి నూటికి నూరు సుంకం అంట గదా, ఇంగ అంత చవగ్గా ఎట్లిస్తాడో అప్పుడే అనుకోవాల్సింది.

నీలగిరి_98
సీమ గారూ, చన్నీళ్ళలో తక్షణం రంగు దిగిందంటే అనుమానించాల్సిందే. ఇంకొకటి, తాగేశాక పిప్పి చూడండి ఎప్పుడూ. డబ్బా మీద ఏం రాసుకున్నా పిప్పి అబద్ధమాడదు.

కున్మింగ్_రిటర్న్
సరే మావయ్య గారూ, ఇప్పుడు అసలు తాగే పద్ధతి. దుకాణంలో ఎలా చేస్తారో చెప్తా. గైవాన్ అని మూతున్న చిన్న గిన్నె, 100, 120 మిల్లీలీటర్లు పడుతుంది. మీ దగ్గర ఉండదు కాబట్టి రెండు స్టీలు గ్లాసులు, ఒక జల్లెడ చాలు. ముందు ఖాళీ గ్లాసుని వేడినీళ్ళతో తొలిచి పారబోయండి. ఆ వేడిలో 5 గ్రాముల ఆకు వేసి మూతపెట్టి రెండుసార్లు ఊపి, మూత తీసి ముక్కు పెట్టండి. సగం ఆనందం అక్కడే, నేను ఒట్టేసి చెప్తా. తర్వాత నీళ్ళు పోసి 10 సెకన్లు, అంతే, వెంటనే రెండో గ్లాసులోకి పూర్తిగా వంచెయ్యాలి, ఆకు మీద చుక్క నీళ్ళు మిగలకూడదు, మిగిలితే వగరు. రెండోది 10, మూడోది 15, అలా పెంచుకుంటూ ఆరేడు సార్లు వస్తుంది.

ఇంకో సంగతి, కున్మింగ్ దాదాపు 1,900 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ నీళ్ళు 94 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కాబట్టి ఆ ఊళ్ళో ఎంత మరిగే నీళ్ళు పోసినా ఈ టీకి హాయిగా సరిపోతుంది. మన దగ్గర కెటిల్ ఆగాక ఒకటి రెండు నిమిషాలు ఆగి పోయండి, వగరు తగ్గుతుంది. నేను ఇంటికొచ్చిన కొత్తలో అదే ఆకు అదే కొలత వేసినా ఎందుకు మొరటుగా వస్తోందో నెల రోజులు అర్థం కాలేదు, డాక్టర్ని అయ్యుండి.

నిద్రలేని_డాక్టరమ్మ
డాక్టర్లకి అన్నీ తెలుసు అని ఎవరన్నారు తమ్ముడూ. నేను కూడా ఒక మాట చెప్పి పోతా, ఈ చిక్కటి టీ అన్నం తిన్న వెంటనే వద్దు, తిండిలో ఐరన్ ఒంటికి పట్టనివ్వదు. రక్తం తక్కువున్న ఆడవాళ్ళు గంట, గంటన్నర ఎడం ఇవ్వండి. పరగడుపున కూడా ఆరేడు రౌండ్లు లాగించకండి, కడుపులో తిప్పుద్ది, చేతులు వణుకుతాయి. నాకు నైట్ డ్యూటీలో జరిగింది, టీ తాగి షుగర్ పడిపోయిందనుకుని గ్లూకోజ్ తాగా.

మావయ్య_మల్కాజిగిరి
5 గ్రాములు ఎలా కొలవాలి? మా ఆవిడ బంగారం తూచే బుల్లి కాటా ఉంది, అడిగితే తంతుంది.

చారుప్రియ
బంగారు మొగ్గలు అని చెప్పండి, ఇచ్చేస్తారు.

ఫ్రీమాంట్_బాబాయ్
రిటర్న్ చెప్పింది సరైనదే గానీ ఆఫీసుకెళ్ళేవాళ్ళకి అది కుదరదు. పెద్ద కప్పుకి 3 గ్రాములు, 200 మిల్లీలీటర్లు, మూడు నిమిషాలు, వడకట్టు. నేను రోజూ అదే. ఆదివారం మాత్రం గైవాన్.

అల్లంచాయ్
బాబాయ్, గివన్నీ వేల ఏండ్ల సంది చైనా రాజులు తాగిన తరీకలా?

ఫ్రీమాంట్_బాబాయ్
అక్కడే పొరబడ్డావ్. టీ పాతది, కున్మింగ్ ఉన్న యున్నాన్ రాష్ట్రంలో టీ చెట్లు చాలా పాతవి, కానీ ఈ దియన్‌హోంగ్ మా నాన్న కంటే చిన్నది. 1937లో జపాన్ దాడి మొదలయ్యాక చైనా తూర్పు వైపు టీ ప్రాంతాలు, రేవులు దెబ్బతిన్నాయి. అన్హుయ్‌లో కీమున్ లాంటి ఎర్ర టీలు ఎగుమతయ్యి డాలర్లు పౌండ్లు తెచ్చేవి, ఆ దారి మూసుకుపోతోంది. అప్పుడు ఫెంగ్ షావోచ్యూ అనే ఆయన్ని 1938లో యున్నాన్ పంపించారు, అక్కడ ఎర్ర టీ తయారవుతుందేమో చూడమని. షున్నింగ్ అనే కొండ ఊళ్ళో, ఇప్పుడు దాని పేరు ఫెంగ్‌చింగ్, పెద్దాకు రకంతో చేసి చూశాడు, కుదిరింది, 1939లో అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. దియన్ అంటే యున్నాన్‌కి పాత పొట్టి పేరు. అంటే యుద్ధంలో పుట్టిన ఎగుమతి సరుకు ఇది. మామూలు చైనావాడు తరతరాలుగా ఎక్కువ తాగేది పచ్చ టీయే.

ఇంకో విశేషం, ఆ పెద్దాకు మన అస్సాం ఆకూ ఒకే రకం, వృక్షశాస్త్రంలో పేరు కూడా అసామికానే. అందుకే దీనికి ఆ దమ్ము.

అల్లంచాయ్
అంటే మనోడే! మరి పాలు పోస్తే ఏందంట?

ఫ్రీమాంట్_బాబాయ్
మనోడైతే మాత్రం. పాలు పోస్తే నేను ఈ ఫోరం నుంచి వెళ్ళిపోతా.

నీలగిరి_98
బాబాయ్ గారూ అంత పట్టుదల వద్దు, పెద్దాకు రకం కాబట్టే కొద్ది పాలకి తట్టుకుంటుంది. 4 గ్రాములు 150 మిల్లీలీటర్లలో నాలుగు నిమిషాలు ఉంచి, వడకట్టాక, రెండు చెంచాల వేడిపాలు. మరిగించొద్దు. అల్లం వేస్తే మాత్రం డబ్బులు దండగ.

అల్లంచాయ్
అల్లం మీద మీకెందుకన్నా గంత పగ.

మావయ్య_మల్కాజిగిరి
ఇవాళ పొద్దున్నే లేచి చేశా, ఎవరూ లేవకముందు. కాటా దొరికింది. వేడి గ్లాసులో ఆకు ఊపి వాసన చూస్తే ఏదో తెలిసిన వాసనే, పేరు నోటికి రావట్లేదు. మొదటి 10 సెకన్లది తేనెరంగు, మెత్తగా ఉంది, ఏం లేదే అనుకున్నా. రెండోది నోట్లో పడగానే అర్థమయింది. ముదురు ఎరుపు, గ్లాసు అంచు చుట్టూ బంగారు గీతలా. నోరంతా నిండుగా, చక్కెర వేయలేదు కానీ మింగాక గొంతులో తీపి, నాలిక కొసన మిరియం తగిలినట్టు చిన్న మంట. వగరు ఉంది, కానీ మొన్నట్లా పీకట్లేదు, జామకాయ కొరికినంత. మూడోదీ అంతే. నాలుగో దానికి పేరు దొరికింది, సంక్రాంతికి మా ఊళ్ళో కుంపట్లో కాల్చేవాళ్ళు, చిలగడదుంప! తొక్క మాడి పాకం కారుతుంది చూడండి, అచ్చం అదే.

కున్మింగ్_రిటర్న్
అదీ!! నేను కావాలనే చెప్పలేదు. అందరూ అదే అంటారు, కాల్చిన చిలగడదుంప, కోకో, తేనె, మిరియం.

అల్లంచాయ్
చిలగడదుంప అంటే ఏంది భాయ్?

సీమ_సరుకు
గెనుసుగడ్డ సామీ.

అల్లంచాయ్
గదేంది?

చారుప్రియ
స్వీట్ పొటాటో.

అల్లంచాయ్
అట్ల చెప్పున్రి, కందగడ్డ!

గోదారిగట్టు
కంద వేరండీ బాబూ! కంద అంటే బచ్చలి కూరలో వేసేది, చేతులు దురద పుడతాయి. టీలో కంద వాసన వస్తే ఆ డబ్బా కాలవలో పారెయ్యాలి. నాకైతే కాల్చిన తేగ గుర్తొస్తుంది, మా అన్నయ్య చెన్నైలో ఒకసారి తాగించాడు ఈ టీ, తేగ మధ్యలో చందమామ ఉంటుందే, ఆ తీపి.

నిద్రలేని_డాక్టరమ్మ
తేగ అని గుర్తు చేశారు, ఇప్పుడు ఈ రాత్రిపూట నాకు తేగలెవరు తెచ్చిస్తారు.

సీమ_సరుకు
మావయ్యా పిప్పి చూసినావా? నీలగిరన్న చెప్పినట్టు.

మావయ్య_మల్కాజిగిరి
చూశా, అదో కథ. ఆరు రౌండ్లయ్యాక తెల్ల పళ్ళెంలో పరిచా. పొద్దున నల్లదారాల్లా ఉన్నవి ఒక్కోటీ వేలెడు ఆకులయ్యాయి, కొత్త రాగి చెంబు రంగు. ఒకటి గోటితో మెల్లగా విప్పితే మొగ్గ, దాని పక్కన రెండు చిన్నాకులు, కాడతో సహా చెక్కుచెదరకుండా ఉన్నాయి. పొడిగా ఉన్నప్పుడు బంగారు పోగుల్లా కనపడినవి ఆ మొగ్గలే, వాటిమీద నూగు. కల్తీ అనుకున్నందుకు సిగ్గేసింది.

ఇక మధ్యాన్నం ఇంకో అయిదు గ్రాములు వేసి రెండు రౌండ్లు తాగి, ఆకు గ్లాసులో ఉంచి బ్యాంకుకెళ్ళొచ్చా. వచ్చేసరికి గ్లాసు తోమి బోర్లించి ఉంది. మా అమ్మ. ఆకేదంటే కరివేపాకు మొక్కకి వేసిందట. ఇంకా నాలుగు సార్లు వస్తుందమ్మా అంటే "వాడిన పిప్పితో మళ్ళీ టీ పెట్టుకోడమేంట్రా, బస్టాండ్ టీకొట్టువాడిలా, మనకేం ఖర్మ" అంది.

చారుప్రియ
అమ్మ 1, చైనా 0.

అల్లంచాయ్
అమ్మ కరెక్ట్ మాటన్నది.

కున్మింగ్_రిటర్న్
అయ్యో, మూడోది నాలుగోదే అసలు రుచి. ఫెంగ్‌చింగ్ నుంచి సరుకు తెచ్చి అమ్మే ఒకావిడ దుకాణానికి వెళ్ళేవాణ్ణి, మొదటి రౌండ్ ఎవరికీ ఇచ్చేది కాదు, దాంతో కప్పులు కడిగేది. కప్పు ఖాళీ అయితే అడక్కుండా పోసేస్తుంది, మాట్లాడుతున్నప్పుడు థాంక్స్ చెప్పక్కర్లేదు, బల్లమీద రెండు వేళ్ళతో టక్ టక్ అంటే చాలు. ఏమీ కొనకపోయినా గంటసేపు పోసేది. చివరికి సిగ్గుపడి మనమే కొంటాం, అదే ఆవిడ వ్యాపారం.

గోదారిగట్టు
బట్టల కొట్లో కూల్‌డ్రింక్ ఇచ్చినట్టన్నమాట.

నిద్రలేని_డాక్టరమ్మ
నిలవ ఎన్నాళ్ళుంటుంది? మా పిన్ని ఇచ్చింది ఒకటుంది, రెండేళ్ళయింది, మసాలా డబ్బా పక్కన.

నీలగిరి_98
మసాలా పక్కన అయితే ఈపాటికి అది గరం మసాలా టీ మేడం. టీ ఆకు పక్కనున్న ప్రతి వాసనా పీల్చేస్తుంది. గాలి చొరని డబ్బా, వెలుతురు తగలకుండా, పోపుల పెట్టెకి దూరంగా. అలా ఉంచితే రెండేళ్ళయినా బానే ఉంటుంది, ఘుమఘుమ కొంచెం తగ్గుతుందంతే. ఫ్రిజ్‌లో వద్దు, తేమ.

మావయ్య_మల్కాజిగిరి
చివరి రిపోర్టు. నీలగిరి గారి లెక్క ప్రకారం నాలుగు నిమిషాలుంచి రెండు చెంచాల పాలు వేసి అమ్మకిచ్చా. ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తాగి "బానే ఉంది, కొంచెం చక్కెర వెయ్యి" అంది. బాబాయ్ గారు క్షమించాలి. బాబాయ్ గారూ ఉన్నారా వెళ్ళిపోయారా?

ఫ్రీమాంట్_బాబాయ్
అమ్మగారికి కాబట్టి ఊరుకుంటున్నా.

మావయ్య_మల్కాజిగిరి
అసలు విషయం మర్చిపోయా. మేనకోడలికి ఫోన్ చేసి కాల్చిన చిలగడదుంప, మిరియం, రాగి రంగు పిప్పి అని అరగంట చెప్పా. అంతా విని "అవునా మావయ్యా, నాకు తెలీదు, నేను అక్కడ తాగేది బబుల్ టీ, ఇది షాపావిడ గంటసేపు ఏదో పోస్తూనే ఉంటే మొహమాటపడి కొన్నా" అంది.

కున్మింగ్_రిటర్న్
హహహ ఆ షాపు నాకు తెలిసే ఉంటుంది.

అల్లంచాయ్
ఎంత మిగిలిందన్నా డబ్బాల?

మావయ్య_మల్కాజిగిరి
కాటా మీద పెట్టా, 42 గ్రాములు. ఆదివారం రా, మల్కాజిగిరి స్టేషన్ దగ్గరే ఇల్లు.

అల్లంచాయ్
వస్త. వచ్చేటప్పుడు ఏమన్న తేవాల్నా?

మావయ్య_మల్కాజిగిరి
అల్లం తప్ప ఏదైనా.